అరువు చెయ్యి

పాలపిట్టల జట్టు ఆడిన ఆఖరి సీజన్ సంగతి ఇందూరులో ఎవరినడిగినా ముందు మునుగుడు బంతి గురించే చెబుతారు. నడుమెత్తున నేరుగా వచ్చి, ఇక కొట్టడమే తరువాయి అనుకునేసరికి తాడు తెగిన చేదలా చటుక్కున కిందికి జారిపోయేది ఆ బంతి. బ్యాటు గాలిని కోసేది. గ్యాలరీలో జనమంతా ఒక్క గొంతుతో "మునిగింది" అనేవాళ్ళు. ఆ మాట ఊళ్ళో ఎంతగా పాతుకుపోయిందంటే, మార్కెట్ యార్డులో బేరం చెడినా ఇప్పటికీ అదే వరసలో అంటారు.

భూలక్ష్మికి మాత్రం ఆ ఏడు తలపుకొస్తే ముందు పసుపు వాసన వస్తుంది. వాళ్ళ మైదానం మార్కెట్ యార్డును ఆనుకుని ఉండేది. దక్కన్ బేస్‌బాల్ లీగు మొదలయ్యే మాఘమాసానికి యార్డులో పసుపు కుప్పలు పడేవి. గాలి అటునుంచి వీచిన రోజున బంతి మీద, తెల్ల చొక్కాల మీద, కనురెప్పల మీద సన్నటి దుమ్ము పేరుకునేది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన జట్లు తుమ్ములతో సతమతమయ్యేవి. ఇందూరు ఆడపిల్లలకు అదేమీ పట్టేది కాదు. పుట్టిన్నాటి నుంచీ పీల్చిన గాలే కదా.

భూలక్ష్మి ఆ జట్టుకు కెప్టెను, క్యాచరు. బ్యాటు పట్టిన మనిషి వెనక గొంతుక్కూర్చుని, ఎదురుగా మట్టిదిబ్బ మీది నుంచి పిచర్ విసిరే బంతిని పట్టడం ఆమె పని. ఏ బంతి వెయ్యాలో పిచర్‌కు వేళ్ళతో గుట్టుగా సైగ చెయ్యడం కూడా ఆమె పనే. లీగు పుట్టిన నాటి నుంచీ ఆడుతోంది. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ కప్పు మొహం చూడలేదు. ఆ ఏడాదితో మానేద్దామని అనుకుంది.

పిచర్ పేరు నవనీత. ఇరవై దాటిన పిల్ల. సన్నగా, పొడుగ్గా, జొన్న కంకిలా ఉండేది. వాళ్ళమ్మ ముత్తెమ్మ పుట్టు చెవిటిది, మూగది. బీడీలు చుట్టి బిడ్డను పెంచింది. ముత్తెమ్మతో మాట్లాడటానికి పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ నాలుగైదు సైగలు చాలనుకున్నారు. తిను, పడుకో, పని చెయ్యి, పో. అంతే. మొగుడు పోయాక ఆమె చంకలో పిల్లతో ఒక్కతే అద్దె గదిలోకి మారింది. నవనీతకు నోటి మాటలు వచ్చే వయసులోనే చేతి మాటలూ వచ్చాయి. అవి ఎవరో నేర్పినవి కావు. బీడీల చాట ఒళ్ళోంచి దించి తల్లి, ఎదురుగా చతికిలబడి బిడ్డ, ఇద్దరూ కలిసి ఒక్కో మాటా తయారు చేసుకున్నారు. వానకొక సైగ, అలకకొక సైగ, నిన్నటికొకటి, రేపటికొకటి, పక్కింటామె గొప్పలకు ప్రత్యేకంగా ఒకటి. ముత్తెమ్మ తన మనసులో మాట మరొక మనిషికి చెప్పడమంటూ మొదలుపెట్టింది ఆ బిడ్డతోనే.

నవనీత జట్టులో చేరిన కొత్తలో భూలక్ష్మి ఒకసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి ఆ సైగలు చూసి ముచ్చటపడింది. వారం వారం వెళ్ళి తనూ నేర్చుకుంది. తర్వాత వాటిని మైదానంలోకి తెచ్చింది. పిడికిలి కిందికి దించితే బావి, అంటే కిందికి పడే బంతి, అది తర్వాత కలిసింది. మణికట్టు తిప్పితే పాము, అంటే వంకర తిరిగేది. మొహం ముందు వేళ్ళూపితే మిరపకాయ, అంటే వేగంగా నేరుగా వచ్చేది. అవతలి జట్లవాళ్ళు ఎంత కాపు కాసినా వాటి గుట్టు పట్టలేకపోయారు. ఎందుకంటే మధ్య మధ్యలో ఈ ఇద్దరూ సొంత ముచ్చట్లు కూడా పెట్టుకునేవాళ్ళు. ఎండ మండిపోతున్నదని ఒకరు, ఆకలేస్తున్నది తొందరగా కానిమ్మని మరొకరు. వాటిలో ఆట సైగ ఏదో, ఊసుపోక సైగ ఏదో ఎవరికీ తేలేది కాదు.

అయినా పాలపిట్టలు గెలిచేవాళ్ళు కాదు. నవనీత చేతిలో వేగం ఉంది గానీ బంతి పడిపోయే ఆ చివరి మెలిక లేదు. ఏటేటా జట్టు అట్టడుగునే. కప్పు రాకపోతే జట్టును వేరే ఊరికి తరలిస్తానని యజమాని తెగేసి చెప్పాడు. ఆయనే హైదరాబాదు నుంచి డాక్టర్ కాత్యాయనిని తీసుకొచ్చాడు.

కాత్యాయని మెదడు మీద పరిశోధన చేసే మనిషి. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళకు మళ్ళీ అన్నం కలుపుకోవడం, బొత్తాం పెట్టుకోవడం ఎలా తెప్పించాలా అని ఏళ్ళ తరబడి వెతికింది. ఒకరి చేతికి అలవాటైన పనిని మెదడులోంచి పట్టి, ఇంకొకరి మెదడులో దింపే పద్ధతి ఆమెకు దొరికింది. చిన్న చిన్న పనులకు అది పనిచేసింది. పెద్ద పనికి పనిచేస్తుందా లేదా తేలాలంటే ఆరోగ్యంగా ఉన్న మనుషులు కావాలి. యజమానికి కప్పు కావాలి.

దింపడానికి ఎవరి చెయ్యి అన్న ప్రశ్నే రాలేదు. జట్టుకు బంతి విసరడం నేర్పే కోచ్ పోసాని ఒకప్పుడు లీగులో పేరు మోసిన పిచర్. మునుగుడు బంతి ఆమెదే. భుజం కీలు పాడై, తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవని స్థితి వచ్చేసరికి ఆట మానేసింది. గ్యాలరీ కింద గదిలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద తీగల టోపీ పెట్టి, కళ్ళు మూసుకుని బంతి విసరమంది కాత్యాయని.

చెయ్యి లేవదు కదా అంది పోసాని.

"చేతితో పని లేదండీ. మీ మెదడు ఇంకా విసురుతూనే ఉంటుంది. దాన్ని విసరనివ్వండి."

పోసాని కళ్ళు మూసుకుంది. చెయ్యి ఒళ్ళోనే ఉంది. కాసేపటికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. ఊపిరి బిగబట్టి వదిలింది. కళ్ళు తెరవకుండానే, "ఏసిన," అంది. "బయటి మూలకు. బ్యాటుకు తాకలే."

అలా రోజుల తరబడి ఆమె ఆ కుర్చీలో కూర్చుని పాత మ్యాచులన్నీ మళ్ళీ ఆడింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు నవనీత అదే గదిలో, అదే టోపీ పెట్టుకుని, కుడిచేతికి మోచేతి దాకా తొడుగు వేసుకుని నిద్రపోయేది. నిద్రలో ఆమె వేళ్ళు ఉలిక్కిపడేవి. భూలక్ష్మి పక్కన కూర్చుని చూసేది. పసిపిల్లలు కలలో పాలు తాగుతూ పెదాలు కదిపినట్టు ఉండేది. డాక్టరమ్మ ఆ పద్ధతికి ఏదో పొడుగాటి పేరు చెప్పింది. బట్ట మీద రంగు అచ్చు దించినట్టే ఉందని నవనీత దానికి అద్దకం అని పేరు పెట్టింది. అందరికీ అదే అలవాటైంది.

మొదటి అద్దకం అయ్యాక నవనీత మట్టిదిబ్బ ఎక్కి విసిరిన బంతిని భూలక్ష్మి పట్టలేకపోయింది. పట్టే తొడుగు నడుమెత్తున పెట్టి కూర్చుంటే బంతి దాని కిందినుంచి జారి ముంగాలికి తగిలింది. నొప్పితో కాలు పట్టుకుని తలెత్తి చూసేసరికి వల వెనక పోసాని నేల మీద కూలబడి ఉంది.

"గా పడుడు నాదే," అంది పోసాని.

అక్కడినుంచి పాలపిట్టలు ఓడటం మరిచిపోయారు. కరీంనగర్‌ను, నాందేడ్‌ను, బీదర్‌ను వరసగా ఓడించారు. కర్నూలులో గెలిచిన రోజు బస్సు ఆపి రోడ్డుపక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీలు ఆ హోటలువాళ్ళు ఇక లేవనేదాకా తిన్నారు. గుంటూరులో అవతలి జట్టు అమ్మాయిలే వచ్చి నవనీత చెయ్యి పట్టుకుని చూసి పోయారు. బస్సులో వెనక సీట్లవాళ్ళు పాడేవాళ్ళు, ముందు సీట్లవాళ్ళు తిట్టేవాళ్ళు. యార్డులో హమాలీలు మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే బస్తాలు దించేసి, గోడెక్కి కూర్చునేవాళ్ళు. ముత్తెమ్మ కూడా వచ్చేది. ఆమెకు జనం అరుపు వినబడదు. కూర్చున్న బల్ల అదిరితే బిడ్డ గెలిచిందని తెలుసుకునేది. భూలక్ష్మి తర్వాత్తర్వాత ఎన్నోసార్లు అనుకుంది, ఆ రెండు నెలలూ తన బతుకులో ఒక పండగ అని. అందులో అబద్ధమేమీ లేదు.

అద్దకానికి ఒక తిప్పలుండేది. కొన్ని వారాలకు వెలిసిపోయేది. బంతి పడటం మందగించేది. మళ్ళీ పడుకోబెట్టి మళ్ళీ దించేవాళ్ళు. రెండోసారి అయ్యాక నవనీతకు జడ అల్లుకోవడం రాకుండా పోయింది. మూడు పాయలూ చేతిలో పట్టుకుని, ఏది దేని మీదికి పోవాలో తోచక అద్దం ముందు నిలబడిపోయింది. జట్టంతా నవ్వింది. తనూ నవ్వింది. అప్పటినుంచి భూలక్ష్మే జడ వేసేది. ఆ తర్వాత ముగ్గు పోయింది. ఆ తర్వాత కూరగాయలు తరగడం. భూలక్ష్మి వెళ్ళి డాక్టరమ్మకు చెప్పింది. కాత్యాయని శ్రద్ధగానే విన్నది. పాత బట్ట మీద కొత్త అద్దకం వేస్తే కింది పువ్వు కాస్త చెరుగుతుందనీ, ఏ పువ్వు చెరగాలో ఎంచుకోవడం ఇంకా చేతకాలేదనీ, చెరిగినవి మళ్ళీ నేర్చుకోవచ్చనీ ఆమె అంది. అది ఆమె నమ్మిన మాటే. జడ మళ్ళీ నేర్చుకోవచ్చుననే భూలక్ష్మి కూడా అనుకుంది.

సెమీఫైనల్ ఇందూరులోనే జరిగింది. వరంగల్ మీద. ఆట మధ్యలో ఎండకు కళ్ళు బైర్లు కమ్ముతుంటే భూలక్ష్మి అలవాటుగా సైగ చేసింది, ఇంటికి పోయి చల్ల తాగుదాం అని. నవనీత చూసింది. తలూపింది. చేతితో మాత్రం ఏమీ అనలేదు. ఇంకోసారి ఇంకేదో అడిగితే మళ్ళీ తలూపి ఊరుకుంది. ఆట మీద ధ్యాసలో ఉందిలే అనుకుంది భూలక్ష్మి. పాలపిట్టలు గెలిచారు. లీగు చరిత్రలో తొలిసారి ఇందూరు ఫైనల్‌కు చేరింది.

మర్నాడు మధ్యాహ్నం ముత్తెమ్మ ఇద్దరికీ భోజనం పెట్టింది. మటన్, బగారన్నం. వడ్డించి ఎదురుగా కూర్చుని, బిడ్డను చూసి అడిగింది. కొన్నాళ్ళుగా నాతో మాట్లాడట్లేదు, నా మీద కోపమొచ్చిందా అని.

నవనీత చెయ్యి పైకెత్తింది. చెయ్యి గాల్లో ఆగింది. వేళ్ళు ఏదో వెతుక్కున్నట్టు కదిలాయి. తర్వాత చూపుడువేలు, నడిమివేలు ఎడంగా విచ్చుకుని, బొటనవేలు కిందికి మడిచి, లేని బంతిని పట్టుకున్నాయి. పోసాని మునుగుడు బంతిని పట్టే పట్టు అది. నవనీత చెయ్యి దించి మళ్ళీ ఎత్తింది. మళ్ళీ అదే పట్టు. ఎడమచేత్తో ప్రయత్నించింది. అది ముందునుంచీ కుడిచేతి వెంట నడిచిందే గానీ ఒంటరిగా మాట్లాడింది కాదు. అదీ తడబడి ఆగిపోయింది.

"అక్కా," అంది నవనీత మెల్లగా. "అమ్మ అన్నదంత సమజైతుంది. చేతికి మాత్రం అస్తలేదు."

"ఎన్నొద్దుల సంది?"

"జర జరంత పోయింది. అలసిపోయిన్నేమో అనుకున్న."

ముత్తెమ్మ బిడ్డ మొహం చూసింది, చెయ్యి చూసింది, భూలక్ష్మి వైపు తిరిగింది. భూలక్ష్మి అన్నం చేతిని పళ్ళెం అంచుకు తుడిచి, కోపం లేదు అని సైగ చేసింది. చేతికి నొప్పి అని కూడా చేసింది. అంతకన్నా ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. ముత్తెమ్మ లేచి పక్కింటినుంచి జెండుబామ్ తెచ్చి, బిడ్డ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. నవనీత తల వంచుకుని రాయించుకుంది.

ఆ సాయంత్రమే ముగ్గురూ కాత్యాయని గదికి వెళ్ళారు. డాక్టరమ్మ నవనీత చేతికి, తలకు తీగలు పెట్టి చాలాసేపు పరీక్షలు చేసింది. చివరికి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. బంతి మెలిక కూచున్న చోటా, సైగలు కూచున్న చోటా ఒకటేనని చెప్పింది. రెండూ వేళ్ళ నేర్పే. అద్దకం మానేస్తే బంతి వెలిసిపోతుంది గానీ కింద చెరిగింది తిరిగి రాదు. మళ్ళీ నేర్చుకోవాల్సిందే.

"నేర్చుకునేదానికి పుస్తకముందా మేడం?" అంది భూలక్ష్మి. "బడి ఉన్నదా? గా భాష ఇద్దరు మనుషులు చేసుకున్నది. ఒకలి చేతిలకెళ్ళి పోయింది."

కాత్యాయని చెడ్డ మనిషి కాదు. పెళ్ళి చేసుకుంటే ఈ పని ఆగిపోతుందని వద్దనుకున్న మనిషి. ఒక దారి ఉందని చెప్పింది. ముత్తెమ్మగారి చేతిలో ఆ సైగలన్నీ ఉన్నాయి కదా. పోసాని దగ్గర తీసినట్టే ఆమె దగ్గర తీసి, బిడ్డ చేతిలో దించొచ్చు. బంతి అద్దకం ఫైనల్ కోసం ఒక్కసారి వేసి, మ్యాచ్ అయ్యాక తల్లి అద్దకం వేస్తే అంతా సర్దుకుంటుంది.

నవనీత మొహం వెలిగింది. చెప్పమన్నట్టు భూలక్ష్మి వైపు చూసింది. భూలక్ష్మి తనకు వచ్చిన సైగలన్నీ కూడగట్టుకుని, అద్దకమంటే ఏమిటో, డాక్టరమ్మ ఏమంటున్నదో ముత్తెమ్మకు చెప్పడానికి తంటాలు పడింది. పోసాని చెయ్యి తీసి నీ బిడ్డ చేతిలో పెట్టారు. నీ బిడ్డ మాటలు పడిపోయాయి. ఇప్పుడు నీ చెయ్యి తీసి పెడతారట. ముత్తెమ్మకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఆ మొహంలో కోపం ఉందో, ఏడుపు ఉందో భూలక్ష్మికి తెలియలేదు. తర్వాత ఆమె చేతులు కదిలాయి. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా.

ఏమంటున్నారని డాక్టరమ్మ అడిగింది.

"వద్దంటుంది," అంది భూలక్ష్మి. "నా చెయ్యే నాతోటి మాట్లాడితే ఇంక ముచ్చటేముంటది అంటుంది."

కాత్యాయని మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఫైనల్ వారం దగ్గరికి వచ్చింది. బంతి అప్పటికే వెలవడం మొదలైంది. సగం పడి సగం నిలిచేది. యజమాని ఫోను మీద ఫోను చేశాడు. జట్టులో పిల్లలు నవనీత మొహం చూడటానికి సంకోచపడుతూనే, ఒక్కసారికేమవుతుందిలే అన్నట్టు చుట్టూ తిరిగారు. పోసాని నెట్స్ దగ్గర ఒంటరిగా కూర్చుని, లేవని భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని ఉండేది.

ఒక పొద్దున నవనీతే భూలక్ష్మిని ఇంటికి పిలిచింది. తలుపు దగ్గరే ఆపి చెప్పింది.

"పోయింది ఎట్లనో పోయింది అక్కా. ఇంకొక్కసారి ఏయించుకుంట. కప్పు కొట్టినంక బంతి మొఖం చూడ. అమ్మకు చెప్పు."

కప్పు భూలక్ష్మి కళ్ళ ముందు మెరిసింది. ఇన్నేళ్ళ మోకాళ్ళ నొప్పి, విరిగిన గోళ్ళు, ఓడిపోయి తిరిగొచ్చిన బస్సులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చెరగాల్సింది చెరిగింది, ఇంకొంచెం చెరిగితే ఏం అని ఆమెకూ అనిపించింది. కాదంటే అబద్ధం.

లోపల ముత్తెమ్మ చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. భూలక్ష్మి ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఇంకొక్కసారి. పెద్ద ఆట. గెలుస్తారు. తర్వాత ఉండదు. ఆమె చేతులు ఎప్పుడూ లేనంత చురుగ్గా ఆడాయి. ముత్తెమ్మ చాట పక్కన పెట్టి చివరిదాకా చూసింది. వెనక నిలబడ్డ బిడ్డను చూసింది. మళ్ళీ భూలక్ష్మి చేతుల్ని చూసింది. చిన్న సైగ చేసింది.

అది దాని మాటా, నీ మాటా?

భూలక్ష్మి చేతులు ఒళ్ళో పడిపోయాయి. ఇక మీదట బిడ్డ ఏమన్నా ముత్తెమ్మకు వేరే మనిషి చేతిలోంచే అందాలి. అందులో బిడ్డ ఎంత, ఆ మనిషి ఎంత, ఆ తల్లికి ఎప్పటికీ తెలియదు.

నవనీత కూడా ఆ సైగ చూసింది. తర్వాత వచ్చి తల్లి ముందు కూర్చుంది. చేతులతో చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి తలే అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, చాలాసార్లు. తల్లి ఆమె గడ్డం పట్టుకుని ఆపేదాకా ఊపింది.

నవనీత ఇక అద్దకం వేయించుకోదని తెలిసిన రోజు పోసాని గ్యాలరీ కింద గదికి వెళ్ళి, తన దగ్గర తీసి దాచిపెట్టిన అద్దకాన్ని చెరిపెయ్యమని కాత్యాయనిని అడిగింది. డాక్టరమ్మ ఆలోచించుకోమంది. ఆలోచించే వచ్చానంది పోసాని. తన బంతి తనతో పోవడమే బాగుంటుందని కూడా అంది. చెరిపేస్తుంటే పక్కనే నిలబడి చూసింది. కాత్యాయని ఆటగాళ్ళ చేతుల జోలికి మళ్ళీ పోలేదు. అప్పటికే అంతా పోగొట్టుకున్న రోగుల దగ్గరికే తిరిగి వెళ్ళిపోయిందని, పక్షవాతం వచ్చిన ఒకాయన ఆమె చలవతో మళ్ళీ ముద్ద కలుపుకుంటున్నాడని, భూలక్ష్మి తర్వాత ఎప్పుడో విన్నది.

ఫైనల్ ఇందూరులోనే, విశాఖ జట్టుతో. మైదానం చుట్టూ గోడల మీద, యార్డు రేకుల మీద, లారీల మీద జనమే జనం. నవనీత బంతి కొన్నిసార్లు పడింది, కొన్నిసార్లు పడలేదు. ఎప్పుడు పడుతుందో ఆమెకే తెలియదు. భూలక్ష్మి బావి సైగ మానేసి పాము, మిరపకాయ మాత్రమే అడిగింది. అవి నవనీత సొంతవి. అద్దకానికి ముందువి. వాటితోనే ఆ పిల్ల జట్టును చాలాసేపు నిలబెట్టింది. చివరి ఇన్నింగ్స్‌లో విశాఖవాళ్ళు ఆఖరున బ్యాటు పట్టేసరికి పాలపిట్టలు ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నారు. అవతలి జట్టు మనిషి ఒకామె సగం దారిలో, బేస్ మీద పరుగుకు కాచుకుని ఉంది. నవనీత వేగంగా నేరుగా విసిరింది. మంచి బంతే. విశాఖ అమ్మాయి ఇంకా మంచిగా కొట్టింది. బంతి ఎత్తుగా లేచి, యార్డు గోడ దాటి, పసుపు కుప్పల్లో ఎక్కడో పడింది. దాంతో కొట్టిన మనిషిదీ, బేస్ మీది మనిషిదీ కలిపి విశాఖకు రెండు పరుగులు వచ్చాయి. ఇందూరు ఒక్క పరుగుతో ఓడింది.

జనం లేచి చప్పట్లు కొట్టారు. గెలిచిన రోజుల్లో కూడా భూలక్ష్మి అంత పొడుగాటి చప్పట్లు వినలేదు. మట్టిదిబ్బ మీదికి నడిచి వెళ్ళి నవనీతను పొదువుకుంది. ఆ పిల్ల ఏడవలేదు. మంచిగ ఏసిన కదా అక్కా అని మాత్రం అడిగింది. మంచిగ ఏసినవ్ అంది భూలక్ష్మి.

యజమాని మాట నిలబెట్టుకున్నాడు. వానలు పడకముందే జట్టు వేరే ఊరికి, వేరే పేరుతో వెళ్ళిపోయింది. నవనీతను రమ్మన్నారు గానీ ఆమె వెళ్ళలేదు. బడిపిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం చూసుకుంది. మైదానాన్ని యార్డువాళ్ళు కలిపేసుకున్నారు. మట్టిదిబ్బ ఉన్న చోట ఇప్పుడు పసుపు ఆరబోస్తారు.

ఆ ఎండాకాలమంతా భూలక్ష్మి రోజూ ముత్తెమ్మ ఇంటికి వెళ్ళింది. తనకు వచ్చిన సైగలన్నీ నవనీతకు తిరిగి నేర్పింది. వేళ్ళు పట్టుకుని మడిచి, చాచి, అక్షరాలు దిద్దించినట్టు. ఆమెకు వచ్చినవి మొత్తంలో సగమే. వాటిలోనూ ఆమె తప్పుగా పట్టుకున్నవి కొన్ని. నవనీత ఆ తప్పులు కూడా నేర్చుకుంది. అది చూసి ముత్తెమ్మ మొదట్లో నొచ్చుకుంది. కన్నబిడ్డ పరాయి ఊరి యాస మాట్లాడుతున్నట్టు ఉండేదేమో. తర్వాత తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో ముగ్గురికీ చెమటలు పట్టేవి. నవనీత ఒక్క మాట అడగడానికి పూటంతా పట్టేది. విసిగి చాప మీద బోర్లా పడుకునేది. మళ్ళీ లేచి కూర్చునేది.

మృగశిర కార్తె వచ్చిన రోజు మధ్యాహ్నం భూలక్ష్మి వెళ్ళేసరికి గదిలో గొడవ జరుగుతోంది. చప్పుడు లేని గొడవ. ముత్తెమ్మ కుంపటి ముందు నిలబడి చేతులు విసురుతోంది. నవనీత గడప దగ్గర కూర్చుని అంతే వేగంగా బదులిస్తోంది. చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని బిడ్డ, నీకు వండి పెట్టడమే ఎక్కువని తల్లి. అంతవరకు భూలక్ష్మికి అర్థమైంది. తర్వాత నవనీత చెయ్యి ఒక కొత్త మెలిక తిరిగింది. బొటనవేలు గాల్లో సున్నా చుట్టి, చెవి పక్కన టపుక్కున విడిచింది. ముత్తెమ్మ ఒక్క క్షణం నివ్వెరపోయి, నోరు తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది. తనూ అదే సైగ బిడ్డ మీదికి తిప్పికొట్టింది.

భూలక్ష్మి ఆ సైగ నేర్పలేదు. ఆమె ఎన్నడూ చూసింది కూడా కాదు.

"గదేంది?" అని అడిగింది.

నవనీత తల్లి వైపు చూసింది. ఇద్దరూ మళ్ళీ నవ్వారు గానీ చెప్పలేదు. అన్నం తిని పొమ్మని ముత్తెమ్మ పీట వేసింది. భూలక్ష్మి కూర్చుని తిన్నది. పులుసులో నిజంగానే చింతపండు ఎక్కువైంది. తింటున్నంతసేపూ వాళ్ళిద్దరి చేతులూ ఆమె తలమీదుగా ఏదేదో చెప్పుకుంటూనే ఉన్నాయి. అందులో సగానికి పైగా ఆమెకు తెలియలేదు. చెయ్యి కడుక్కుని, రేపు రానని చెప్పి, చెప్పులు వేసుకుంది. బయట మబ్బు పట్టింది. యార్డు దాకా నడిచి వెళ్ళి, అక్కడ గేటు దగ్గర కాసేపు నిలబడి, తొలి చినుకులు పడుతుంటే ఇంటి దారి పట్టింది.